తుక్కు గోదాముకు నిప్పు గండం – షెడ్డు అద్దెకిచ్చే ముందు సంఘాలు తెలుసుకోవలసిన సంగతులు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లోని సంఘాలను తనిఖీ చేయుటకు వెళ్లినప్పుడు ఈ మధ్య మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సంఘం షెడ్డు ఒకటి ఖాళీగా పడి ఉన్నది. పాత ప్లాస్టిక్కు, అట్టలు, తుక్కు కొనేవాళ్లు అద్దెకు అడుగుతున్నారు. ఇవ్వవచ్చునా సార్?" అని. మరికొన్ని సంఘాలవారు ఖాళీ పాలకవర్లు, దాణా సంచులు తామే పోగుచేసి, బేళ్లు కట్టి, ప్లాస్టిక్కును కరిగించి మళ్లీ వాడే కర్మాగారాలకు అమ్మాలని చూస్తున్నారు. ఆలోచన మంచిదే. మురికి కాలువలో పడి పశువు కడుపులోకి పోవలసిన కవరు పైసలుగా మారితే ఎవరు కాదంటారు?

అయితే పాలు నిలువ చేసే షెడ్డు వేరు, తుక్కు నిలువ చేసే షెడ్డు వేరు. రెండవదానికి నిప్పు గండమున్నది. దానికి అవసరమైన జాగ్రత్తలు కష్టమైనవి కావు, కాని షెడ్డు అద్దెకివ్వకముందే ఆలోచించవలసినవి. అగ్ని రక్షణ అనగానే పెద్ద ఫ్యాక్టరీల వ్యవహారమని అనుకోవద్దు. గడ్డివాము కాపాడుకోవడం తెలిసిన రైతుకు ఇందులో సగం ముందే తెలుసు.

మా పొరపాటు

ముందుగా మా వల్ల జరిగిన ఒక లోపాన్ని చెప్పుకోవలెను. కొన్నేళ్ల కింద ఒక సంఘం తన పాత షెడ్డును తుక్కు వ్యాపారికి కిరాయికిచ్చింది. ఆ ఏడు మేము తనిఖీకి పోయి కిరాయి రసీదులు చూశాము, తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉన్నదా లేదా చూశాము, జమాఖర్చు సరిపోయింది, సంతకం చేసి వచ్చాము. షెడ్డు లోపలికి తొంగి కూడా చూడలేదు.

2022 మార్చి 23న సికింద్రాబాదు బోయిగూడలో జరిగిన ఘోరం పత్రికల్లో చదివిన తర్వాత ఆ షెడ్డు గుర్తుకు వచ్చి మళ్లీ పోయాము. లోపల కప్పు దాకా కవర్లు, సంచులు, అట్టలు. వెనుకవైపు సగం ఎత్తులో చెక్కలతో అటక కట్టి, దాని మీద పనివాళ్ల పరుపులు. దిగడానికి ఒక నిచ్చెన, బయటికి ఒకే షట్టరు. దొంగల భయానికి రాత్రిపూట ఆ షట్టరుకు బయటినుంచి తాళం వేస్తున్నారు! అధ్యక్షుణ్ణి అడిగితే, "కిరాయి నెల నెలా వస్తున్నది కద సార్, ఏమైతది?" అన్నాడు. ఏమవుతుందో బోయిగూడ చెప్పింది.

బోయిగూడలో జరిగినది

అక్కడ కింది అంతస్తు తుక్కు గోదాము. ఖాళీ సీసాలు, కాగితాలు, తీగెలు వంటివి నిండుగా ఉండినవి. పై అంతస్తులో బీహారు నుంచి బ్రతుకుదెరువుకు వచ్చిన 12 మంది కూలీలు నిద్రిస్తున్నారు. తెల్లవారుజామున కింద మంటలు లేచినవి. పైవాళ్లు దిగడానికి ఉన్నది ఇరుకైన మెలికల మెట్లు ఒక్కటే, అదీ మంటలున్న గోదాములోకే దిగుతుంది. కిటికీ గుండా దూకిన ఒక్కడు బ్రతికాడు. 11 మంది చనిపోయారు.

మంట అంటుకొనుట ఒక ప్రమాదం. కాని అంతమంది చనిపోవుటకు ముందుగానే సిద్ధమై ఉన్న కారణం, మంటకూ మనిషికీ ఒకే దారి ఉండడం. గోదాములో పొగ ముందు పైకి పోతుంది, పైన పడుకున్నవాణ్ణి మంటకంటె ముందు పట్టుకుంటుంది. ఆ పొగలో వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. నిద్రలో ఉన్నవాడు మేలుకొనకుండానే స్పృహ తప్పవచ్చు. తీగెల మీది ప్లాస్టిక్కు కాలితే కళ్లనూ ఊపిరితిత్తులనూ మంటపెట్టే ఆమ్లవాయువు కూడా వస్తుంది.

కనుక మొదటి నియమం ఇది: తుక్కు ఉన్న కప్పు కింద గాని, దాని పైన గాని ఎవ్వరూ పడుకోరాదు. కాపలా మనిషి గది వేరుగా, దూరంగా ఉండవలెను. పగటిపూట పనిచేసే షెడ్డుకు ఎదురెదురు గోడలలో రెండు తలుపులుండవలెను. అవి బయటికి తెరుచుకొనవలెను. లోపల మనిషి ఉన్నంతసేపు ఏ తలుపుకూ బయట తాళం ఉండరాదు.

పాలకవరులో ఎంత నిప్పున్నది?

మన పాలకవరు పాలిథీన్‌తో చేసినది. పాలిథీన్ ముడి చమురు, సహజ వాయువుల నుంచే వస్తుంది. అందుచేత కిలో కవర్లు కాలితే వచ్చే వేడి, కిలో డీజిలు కాలితే వచ్చే వేడికి దాదాపు సమానం. కిలో వరిగడ్డి ఇచ్చే వేడికంటె ఇది సుమారు మూడు రెట్లు. వెయ్యి అరలీటరు కవర్లు కలిస్తే రెండు మూడు కిలోలు తూగుతాయి. లెక్కకు అది స్వల్పమే. కాని ఒక టన్ను బేళ్లు షెడ్డులో పెట్టినవాడు, మంట విషయంలో టన్ను డీజిలు పెట్టినట్లే అనుకొనవలెను. పైగా కవరు కాలేటప్పుడు కరిగి, బొట్లుబొట్లుగా కారి, నేలమీద మండుతూ పారుతుంది. పక్క గుట్టను అంటించేది చాలాసార్లు ఆ పారేదే.

ఇక నీటి లెక్క చూడండి. 30 డిగ్రీల నీరు లీటరు పూర్తిగా ఆవిరి కావడానికి సుమారు 2,550 కిలోజౌళ్ల వేడి పడుతుంది. కిలో పాలిథీన్ కాలితే 43,000 కిలోజౌళ్లకు పైగా వస్తుంది. అంటే ఆ వేడినంతా నీటితోనే లాగివేయవలెనంటే కిలోకు 17 లీటర్లు, టన్నుకు 17,000 లీటర్లు! కొంత వేడి పొగతో పోతుంది, నిజమే. కాని చల్లిన నీటిలో చాలా భాగం మంట మీద పడకుండా నేలపాలవుతుంది, అదీ నిజమే. అగ్నిమాపక శకటం ఒకటి సాధారణంగా 4,500 లీటర్లు తెస్తుంది. టన్ను బేళ్లు పూర్తిగా అంటుకుంటే ఒక బండి నీటితో తీరేది కాదని దీనివల్ల గ్రహించవచ్చును. పెరిగిన మంటను ఆర్పడం మన చేతిలో లేదు. అది పెరుగకుండా చూచుకొనడం మన చేతిలో ఉన్నది.

నిప్పు ఎక్కడినుంచి వస్తుంది?

తుక్కు గోదాములలో నిప్పు పుట్టే దారులు ముఖ్యంగా ఐదు.

1. బ్యాటరీలు. ఇది ఈ కాలపు కొత్త గండం. సెల్‌ఫోన్లు, టార్చిలైట్లు, ఆటవస్తువులలోని లిథియం బ్యాటరీ నలిగినా, గుచ్చుకున్నా లోపల తనంతట తానే వేడెక్కి మంటలు కక్కుతుంది. ఆరినట్లు కనిపించి గంటల తరువాత మళ్లీ రాజుకుంటుంది. బేళ్లు నొక్కే యంత్రంలో ఇలాంటిదొకటి పడితే చాలు. మన సంఘాలలో తూకం యంత్రాలకు, పాల పరీక్ష యంత్రాలకు వాడి పారేసే బ్యాటరీలను కూడా కవర్లతో కలుపరాదు. వాటి కొనలకు టేపు చుట్టి, షెడ్డు బయట నీడలో మూతగల డబ్బాలో ఉంచి, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం అనుమతి గలవారికే అప్పగించవలెను.

2. గ్యాస్ కట్టరు, వెల్డింగు. ఇనుము కోసేటప్పుడు ఎగిరే రవ్వ అట్టల సందులో పడి గంటసేపు కనిపించకుండా ఉండగలదు. కోత పని ఆరుబయటనే చేయించవలెను. పని ముగిసిన తరువాత గంటసేపు ఒక మనిషి అక్కడే ఉండి చూడవలెను.

3. వైరింగు. పాత షెడ్డులో వేలాడే వైర్లు, అతుకులు, మోటారుకు సరిపడని సన్నని తీగెలు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో పనిచేసినవారికి తెలుసు, తీగెల మీదా దీపాల మీదా పేరుకున్న నూలు దూదిపొర ఎంత త్వరగా అంటుకుంటుందో. బేళ్ల షెడ్డులో కాగితపు ధూళి కూడా అంతే. వారానికొకసారి ఊడ్పించండి. రాత్రి పోయేటప్పుడు మెయిన్ స్విచ్ తీయించండి.

4. బీడీ ముక్క, పొయ్యి బూడిద, చలిమంట. బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు మరునాటిదాకా ఉంటుంది. ఇండ్లనుంచి వచ్చే చెత్తలో ఇది కలిసి రావచ్చును.

5. తనంతట తాను వేడెక్కుట. తడి గడ్డిని వామి వేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు పెరిగి వాము నడుమ వేడిని 70 డిగ్రీల దాకా తెస్తాయి. ఆ మీదట రసాయన చర్య మొదలై, కొన్ని వారాలకు లోపల నిప్పు పుడుతుంది. శుభ్రమైన పొడి ప్లాస్టిక్కు ఇలా వేడెక్కదు. కాని తడి అట్టలు, గడ్డీగాదం, కూరగాయల చెత్త కలిసిన గుట్ట వేడెక్కుతుంది. అందుకే తడీ పొడీ కలుపరాదు. అనుమానమున్న గుట్టలో ఇనుప గడ్డపారను గుచ్చి, పావుగంట ఉంచి, తీసి చేత్తో పట్టి చూడండి. చేయి ఓర్చుకోలేకపోతే గుట్టపైకి ఎక్కకుండా, ముందు నీళ్లు సిద్ధం చేసుకొని, ఆ తరువాతనే విప్పండి. విప్పగానే గాలి తగిలి మంట లేస్తుంది.

ఖాళీ స్ప్రే డబ్బాలు, గ్యాసు బుడ్లు, పురుగుమందు డబ్బాలు తుక్కులోకి రానేరాకూడదు. మంటలో అవి పేలుతాయి, విషం చిమ్ముతాయి.

గుట్టలు వేసే పద్ధతి

హోళీకి ముందు రాత్రి కాముని దహనం దగ్గర నిలబడితే ముఖం చురుక్కుమంటుంది. రెండు అడుగులు వెనుకకు వేస్తే తాళగలం. గుట్టకూ గుట్టకూ ఎడముంచడంలో కిటుకంతా అదే. మండే గుట్ట వేడిని నలువైపులా చిమ్ముతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ వేడి త్వరత్వరగా తగ్గిపోతుంది.

మా సలహా ఇది. గుట్ట మనిషి చేయెత్తితే అందే ఎత్తు దాటరాదు. ఒక్క పెద్ద గుట్టకు బదులు నాలుగు చిన్న గుట్టలు వేయించండి. రెంటి నడుమ ఆరు మీటర్లు, అనగా సుమారు 20 అడుగులు, ఖాళీ ఉండవలెను. అంత జాగా లేకుంటే నడుమ కప్పు దాకా ఇటుక గోడ కట్టించండి. రేకుల తడిక గోడ కాదు. వేడెక్కిన రేకు అవతలి సరుకును అంటిస్తుంది. గుట్టల నడుమ ఖాళీని సరుకు ఎక్కువ వచ్చిన రోజున కూడా నింపనీయరాదు.

షెడ్డు చుట్టూ ఏమున్నదో చూడండి. పశువుల కొట్టం, గడ్డివాము, డీజిలు పీపాలు, పాల శీతలీకరణ యూనిట్టు, దాని జనరేటరు – వీటిలో ఏ ఒక్కటీ తుక్కు షెడ్డుకు ఆనుకొని ఉండరాదు. కొట్టంలో కట్టేసిన పశువు పారిపోలేదు. దాన్ని విడిపించబోయిన మనిషీ పొగలో చిక్కుకుంటాడు.

నీళ్లు, పనిముట్లు

పల్లెకు అగ్నిమాపక శకటం రావడానికి పట్టే కాలం లెక్క వేసుకోండి. కేంద్రం 20 కిలోమీటర్ల దూరముండి, బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తే అరగంట. ఆ అరగంట మన నీళ్లతోనే గడువవలెను. నిమిషానికి 200 లీటర్లు చల్లే గొట్టానికి 10,000 లీటర్ల తొట్టి 50 నిమిషాలు సరిపోతుంది. కనుక తొట్టి 10,000 లీటర్లకు తగ్గరాదని మా అభిప్రాయం. దానిలోని నీటిని కడగడానికీ తోట తడుపడానికీ వాడరాదు.

ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటున్నది. షెడ్డులో మంట లేస్తే మొదట చేసే పని మెయిన్ స్విచ్ తీయడం. బోరు మోటారు కూడా ఆ స్విచ్ మీదనే ఉంటే, కరెంటుతో పాటు నీళ్లూ ఆగిపోతాయి! మోటారుకు వేరే లైను ఉండవలెను, లేదా డీజిలు ఇంజను పంపు ఉండవలెను. నెలకొకసారి దాన్ని నడిపి చూడవలెను. మేము చూచిన ఒకచోట పంపు ఉన్నది, గొట్టం ఉన్నది, రెండింటినీ కలిపే బిగింపు లేదు.

మంటలార్పే సిలిండర్లు రెండు తలుపుల దగ్గరా ఉంచండి, లోపలి మూలలో కాదు. అవి అప్పుడే మొదలైన చిన్న మంటకు మాత్రమే పనికివస్తాయి. ఒక్క సిలిండరుతో ఆరకపోతే పోరాటం చాలించి బయటికి రావలెను.

పెద్ద ఎత్తున బేళ్లు కట్టే కేంద్రాలకు కప్పు కింద నీటి చల్లు గొట్టాలు, అనగా స్ప్రింక్లర్లు అమర్చుకొనుట మేలు. ఒక్కొక్క మూతికి ఒక చిన్న గాజు బుడ్డి అడ్డంగా ఉంటుంది. సాధారణ రకంలో 68 డిగ్రీల వేడికి దానిలోని ద్రవం వ్యాకోచించి బుడ్డి పగిలి నీరు దూకుతుంది. ఒకటి పగిలితే అన్నీ పగులుతాయని భయపడనక్కరలేదు. మంట పైన ఉన్నవే తెరుచుకుంటాయి. అర్ధరాత్రి మనిషి లేనప్పుడు కూడా పనిచేసేది అదే. దాని ఏర్పాటు తెలిసిన ఇంజనీరు చేత, 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగవ భాగాన్ని అనుసరించి చేయించవలెను. కప్పు దాకా సరుకు పేర్చితే ఆ నీరు మంటకు అందదు.

ఆరిందనుకున్న తరువాత

కొచ్చి నగరపు బ్రహ్మపురం చెత్త కేంద్రంలో 2023 మార్చి 2న ప్లాస్టిక్కు గుట్టలు అంటుకుంటే ఆర్పడానికి పన్నెండు రోజుల దాకా పట్టింది. పైన నీళ్లు పడుతున్నా లోతున నిప్పు రగులుతూనే ఉన్నది. చివరకు యంత్రాలతో గుట్టలను తవ్వి, పొరపొరగా తడుపవలసి వచ్చింది. అదే ఏడు ఏప్రిల్ 11న అమెరికాలో ఇండియానా రాష్ట్రపు రిచ్మండ్ పట్టణంలో ప్లాస్టిక్కు నిలువలు అంటుకొని రోజుల తరబడి కాలినవి. పొగకు భయపడి సుమారు 2,000 మంది ఇండ్లు విడిచి పోవలసి వచ్చింది. సంపన్న దేశంలోనూ పెద్ద గుట్ట పెద్ద గుట్టే.

అందుచేత మంట కనిపించగానే ముందు మనుషులను బయటికి పంపి లెక్క పెట్టుకోండి. వెంటనే 101 గాని 112 గాని పిలువండి. కరెంటు తీయండి. మంట చిన్నదై, వెనుక దారి ఉంటేనే ఆర్పబోండి. పక్క గుట్టలను తడుపుతూ ఉండండి. ఆరిన తరువాత గుట్టను పలుచగా పరచి తడిపించి, ఒక రాత్రంతా కాపలా పెట్టండి. మంటపై పోసిన మురికి నీరు బావిలోకి, చెరువులోకి, పశువుల తొట్టిలోకి పోకుండా మట్టికట్ట వేయండి.

కిరాయి పత్రం, బీమా

షెడ్డు ఇంతకుముందు దాణా గోదాము, ఇప్పుడు తుక్కు గోదాము. వాడకం మారిన సంగతి బీమా కంపెనీకి వ్రాసి తెలుపకపోతే, రేపు నష్టపరిహారం అడిగినప్పుడు కంపెనీ కాదనవచ్చును. తనంతట తాను వేడెక్కి పుట్టిన మంటకు కొన్ని పాలసీలు వర్తిస్తాయి, కొన్ని వర్తించవు. మీ పాలసీ తీసి చదివించుకోండి. కిరాయి పత్రంలో గుట్టల ఎత్తు, నడుమ ఖాళీ, రెండు తలుపులు, రాత్రి నిద్ర నిషేధం వ్రాయించండి. సంఘం వారికి ఎప్పుడైనా లోపలికి వచ్చి చూచే హక్కు ఉన్నట్లు కూడా వ్రాయించండి. మీ దగ్గరి అగ్నిమాపక కేంద్రం అధికారిని ఒకసారి పిలిచి షెడ్డు చూపించండి. ఆయన చెప్పినది మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి.

మొదట చెప్పిన షెడ్డు సంగతి ఏమైందని అడుగుతారు. పాలకవర్గం సమావేశంలో మేము అటక సంగతి చెప్పినప్పుడు వాదన బాగానే జరిగింది. కిరాయి పోతే దాణా అప్పు వాయిదా ఎట్లా కట్టేదని ఒకరు, వ్యాపారి మనవాడే గదా అని ఇంకొకరు. చివరకు ఒక మహిళా సభ్యురాలు లేచి, "మన పిల్లగాళ్లు బొంబాయిల, దుబాయిల ఇట్లనే పండుకుంటుండ్రు. అక్కడోడు ఇట్లనే తాళమేస్తే మనం ఊకుంటమా?" అని అడిగింది. ఆ మాట తరువాత ఎవరూ మాట్లాడలేదు. అటక విప్పించారు, వెనుక గోడకు తలుపు పెట్టించారు, పనివాళ్లకు వేరే గది చూపించారు. ఆ గది ఖర్చు తగ్గించి కిరాయి కుదుర్చుకున్నారు. షెడ్డు ఇప్పటికీ నడుస్తున్నది.

ఇక మీదట తనిఖీకి వచ్చినప్పుడు మేము రసీదు పుస్తకంతో పాటు షెడ్డు తాళం చెవి కూడా అడుగుతాము. మేము వచ్చేదాకా ఆగకుండా, తుక్కు ఉన్న ప్రతి సంఘంలో పాలకవర్గం వారు ఈ వారమే ఒక రాత్రిపూట పోయి, లోపల ఎవరు పడుకుంటున్నారో చూచి రావలెనని కోరుచున్నాము.